పుష్పవతి గేదె ఒప్పుకున్న సైలెన్సర్

నందిగామలో బండ్లకు సైలెన్సర్లు బిగించి బతికేవాణ్ణి నేను, ప్రేమానందం. నా షాపుకొచ్చే కుర్రాళ్లకు కావలసింది ఒక్కటే, ఊరు దద్దరిల్లాలి. బెన్ని మాత్రం నిరుడు నవంబర్లో వచ్చి, "బాబాయ్, గేదె బెదరని సైలెన్సర్ కావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

బెన్ని వత్సవాయిలో గోపాలమిత్ర. ఎదకొచ్చిన గేదెలకు ఇళ్లకే వెళ్లి చూడి కట్టే సూది వేస్తాడు. ఆరేళ్లు డొక్కు మోపెడ్ మీద తిరిగి, మోజుపడి సెకండ్‌హ్యాండ్ క్రూయిజర్ కొనుక్కున్నాడు. దాని డుగుడుగు కాలవగట్టు మీద వినపడగానే రైతులు గేదెను గుంజకు బిగించి కట్టేవారు. వచ్చిన చిక్కల్లా, ఆ చప్పుడు గేదెలకూ తెలిసిపోయింది. ఆ ఊళ్లోనే ఉండే పుష్పవతికి ఉన్నది ఒక్కటే గేదె. అది రెండుసార్లు పలుపు తెంచుకుని పత్తిచేలో పడి పారిపోయింది. దొరికేసరికి ఎద తగ్గిపోయింది.

"ఈసారీ చూడి కట్టకపోతే సంతకు తోలేస్తా అబ్బాయ్. వట్టిపోయినదాన్ని ఎన్నాళ్లు మేపను?" అందట ఆవిడ. మళ్లీ ఎదకొచ్చేది ఇరవై ఒక్క రోజులకు. బెన్నికి ఉన్న గడువు అంతే.

"దూరంగా ఆపి నడిచెళ్లొచ్చుగా?" అన్నా.

"ఆపి చూశా బాబాయ్. కాలవ దగ్గర్నుంచే వింటంది."

నా షాపులో ఒక పద్ధతుంది. బిగించుకుని ఒకరోజు తిప్పి, నచ్చకపోతే వెనక్కి తేవచ్చు. అందరూ చెవితో చూసుకుంటారు, వీడు గేదెతో చూసుకున్నాడు. మొదట పొట్టి గొట్టం పెట్టాను. గేదె గుంజతో సహా పీక్కుంది. తర్వాత లోపల గ్లాస్‌వూల్ కూరిన పొడుగుది పెట్టాను. వీపు మీద మెత్తగా తట్టినట్టుండే చప్పుడు. బెన్ని దాని మీద మనసు పారేసుకున్నాడు గానీ, గేదె చెవులు నిక్కించి పలుపు లాగింది. చివరికి కంపెనీదే పెట్టి, విసుగెత్తి నేనూ వెనకాల కూర్చున్నాను. బండి పిల్లిలా పోయింది. సందు తిరిగి బెన్ని మొహం కనబడగానే గేదె బుస్సుమంది.

"చప్పుడంటే కాదు బాబాయ్, చప్పుడు వెనకాల వచ్చే నేనంటే భయం దానికి" అన్నాడు.

"అయితే ఉద్యోగం మానెయ్" అన్నా. దున్నపోతు మీద వాన.

"ఆ పొడుగుదే బిగించు. దాంతోనే ఒప్పిస్తా."

ఆ సాయంత్రం నుంచి సూదిపెట్టె ఇంట్లో వదిలేసి రోజూ వెళ్లాడు. గేదె ముందు ఇంజను ఆపకుండా ఉంచి, తెలగపిండి చెక్క చేత్తో అందించేవాడు. మూడు రోజులు అది మూతి తిప్పుకుంది. ఐదో రోజు కొమ్ముతో మోచెయ్యి చీరేసింది. కట్టు కట్టుకుని ఆరో రోజూ వెళ్లాడు. ఊరంతా నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. పదో రోజు చెక్క తింది. పదిహేనో రోజుకు ఒళ్లు తోమించుకుంది.

ఎద తప్పిన ఇరవై రెండో రోజు పొద్దున్నే, బెన్ని నా షాపులో ఉండగా పుష్పవతి ఫోన్ చేసింది. "తెల్లారుజామునుంచి అరుస్తంది, తొందరగా రా అబ్బాయ్." నేనూ షట్టర్ దించి వెంట వెళ్లాను. ఆవిడ పలుపు రెండు చేతులా పట్టుకుని, పెదాలు బిగించి నుంచుంది. బండి డుగుడుగుమంటూ సందులోకి తిరిగింది. గేదె చెక్క కోసం మెడ చాచింది, కదల్లేదు. పుష్పవతి ఒక చేత్తో తినిపిస్తుంటే బెన్ని సూది వేసి చేతులు కడుక్కున్నాడు. అప్పటిగ్గానీ ఆవిడ పలుపు వదల్లేదు.

మూడో నెలలో పరీక్ష చేసి, చూడి కట్టిందని చెప్పాడు. మొన్న పుష్పవతి బస్సెక్కి నందిగామ వచ్చి, నా పానాల పక్కన స్టీలు గిన్నె పెట్టింది.

"పెయ్యదూడండి. జున్ను తెచ్చా, బెన్ని మీకూ ఇమ్మన్నాడు."

ఇన్నేళ్ల నా పనికి జనం చేత తిట్లు తిన్నాను, పోలీసుల చేత చీవాట్లు తిన్నాను. నవ్విన నోటితోనే ఆ జున్ను తింటుంటే సిగ్గేసింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి.