కొత్త డిస్కుకు బొట్టు

ఒక్క బటన్ నొక్కి ఇంట్లో అత్తను, అంగడిలో ఆవిడ నేస్తాన్ని, ఊళ్లో నా చదువు పరువును ఒకేసారి ముంచిన కోడలు కోంటాలో ఎవరని అడగండి. వేళ్లన్నీ నా వైపే తిరుగుతాయి. మా ఊరి శబరి నది కూడా ముంచే ముందు నీళ్లు పెంచి కాస్త హెచ్చరిస్తుంది. నేను ఆ మర్యాద కూడా పాటించలేదు. ఎలా ముంచానో చెబుతాను, నవ్వండి. నవ్వడం అయ్యాక మీ ఫోన్లో మీవాళ్ల గొంతులేమైనా ఉంటే ఒకసారి చూసుకోండి.

మాది కిరాణా కొట్టు. భద్రాచలం నుంచి కాపురానికి వస్తూ సారెతో పాటు కంప్యూటర్ డిగ్రీ కూడా తెచ్చుకున్నాను. టీవీ రిమోట్ పలక్కపోయినా, తూకం మిషన్ మొరాయించినా అత్తమ్మ అనేది ఒకటే, "మా కోడలు జూస్తది." నేను బ్యాటరీలు మార్చి, బ్రహ్మవిద్య ప్రదర్శించినట్టు ముఖం పెట్టేదాన్ని.

అత్తమ్మకు కన్నమ్మ అని ఒక నేస్తం ఉంది. కిష్టారం వైపు దోర్ల తెగ మనిషి. వారపు అంగడి రోజున చింతపండో ఇప్పపువ్వో తెచ్చి అమ్ముకుని, మా కొట్టు వెనక అరుగు మీద కూర్చుని పెళ్లి పాటలు పాడేది. ఒకప్పుడు ఆమె అక్క కూడా వచ్చేది. అక్క పాడుతుంటే కన్నమ్మత్త వంత పాడేది. అత్తమ్మ అవన్నీ ఫోన్లో రికార్డు చేసేది. ఫోన్ నిండినప్పుడల్లా నేను వాటిని కొట్టులోని కంప్యూటర్లోకి దించి, ఫోన్లోంచి తీసేసేదాన్ని.

తర్వాత ఆ అక్క జ్వరంతో పోయింది. అప్పటినుంచి కన్నమ్మత్త బుట్ట దించీ దించకముందే అనే మాట ఒకటే, "కోడలు పిల్లా, మా అక్కను పెట్టు." నేను పాట పెట్టేదాన్ని. ఆమె కళ్లు తుడుచుకుంటూ వంత కలిపేది. ఆ తర్వాతే టీ ముట్టేది.

ఇంతలో ఆ కంప్యూటర్ ముసలిదైపోయి, ఆన్ చేస్తే పిండిమరలా చప్పుడు చేయడం మొదలుపెట్టింది. కొత్తది కొన్నాం. పాతదాని డిస్కు ఊడదీసి అందులోవన్నీ కొత్తదాంట్లోకి మార్చాలి, ఇంకో డిస్కులో నకలు కూడా దాచాలి అని నా పథకం. పాతదానికి సరిసమానమైన డిస్కు ఒకటి, డిస్కులు నిలబెట్టే డాకింగ్ స్టేషన్ ఒకటి కొనడానికి జగదల్‌పూర్ వెళ్లాను.

దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒక్క గూడున్నది, రెండు గూళ్లున్నది.

"తేడా ఏంటి భయ్యా?" అన్నాను హిందీలో.

"ఈ చిన్నదానికి కంప్యూటర్ తగిలించి కాపీ చేసుకోవాలి దీదీ. ఈ పెద్దదానికి కంప్యూటరే అక్కర్లేదు. బటన్ నొక్కితే ఒక గూట్లోది ఇంకో గూట్లోకి వెళ్లిపోతుంది."

ఇక్కడ చదువుకున్న మనిషి అడగాల్సింది, "ఏ గూట్లోది ఏ గూట్లోకి?" అని. నేను అడిగింది, "ఇందులో వెండి రంగు లేదా?" అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేనైతే అడుసును ఏరి కోరి, డబ్బాలో పెట్టించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను.

"ఇదేందే, రొట్టెలు కాల్చేదా?" అంది అత్తమ్మ దాన్ని చూసి.

"పాటలు దాచేది అత్తమ్మా."

"అట్లయితే పూజ జెయ్యాలె."

మా కొట్టులో తూకమైనా బియ్యం చెరిగే చాటైనా, కొత్తది ఏదొచ్చినా పసుపు కుంకుమలు పెట్టి మొదటి చోటు ఇవ్వాలి. పాతది వెనక్కి జరగాలి. "కొత్తది ముందల, పాతది ఎనక. మా మామ కాలం నుంచి ఇదే పద్ధతి," అంది అత్తమ్మ. నేనూ భక్తిగా కొత్త డిస్కును మొదటి గూట్లో, పాతదాన్ని రెండో గూట్లో నిలబెట్టాను. మొదటి గూటి ముందు ఇంగ్లీషులో 'సోర్స్' అని రాసి ఉంది. అత్తమ్మ సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టింది. బొట్టు పడ్డాక ఇంకా చదివేదేముంది? దండం పెట్టి బటన్ నొక్కాను. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. అత్తమ్మ హారతి కూడా ఇచ్చింది.

అన్నీ వెలిగాక కొత్త కంప్యూటర్‌కు తగిలించి చూశాను.

"పాటలేవే?"

"వస్తాయి అత్తమ్మా."

"ఎప్పుడొస్తయి?"

"అంటే... కొత్తదాంట్లో ఉన్నదంతా పాతదాంట్లోకి వెళ్లింది."

"కొత్తదాంట్ల ఏమున్నది?"

"ఏమీ లేదు."

యంత్రాన్ని తప్పు పట్టలేం. ఆ ఖాళీని ఒక్క చుక్క తగ్గకుండా నకలు దించింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, నా చేతిలో కొత్తా పాతా రెండూ సున్నా అయ్యాయి. పోయినవి తిరిగి తెస్తామనే వాళ్ల దగ్గరికీ వెళ్లాను. డిస్కు చూసి, "దీన్ని ఎవరో చాలా శుభ్రంగా కడిగారు దీదీ," అన్నారు.

అంగడి రోజు వచ్చింది. కన్నమ్మత్త బుట్ట దించుతూ, "మా అక్కను పెట్టు," అంది. చెప్పాను. ఆమె తిట్టలేదు. బుట్ట మళ్లీ నెత్తికెత్తుకుని, టీ తాగకుండానే వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. చనిపోయిన మనిషిని రెండోసారి నేనే సాగనంపినట్టు అనిపించి, బియ్యం బస్తాల చాటున కూర్చుని ఏడ్చాను.

తర్వాతి అంగళ్లకు ఆమె రాలేదు. కొన్నాళ్లకు తన కొడుకు పెళ్లికి రమ్మని కబురొచ్చింది. నేను రానంటే అత్తమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

పందిట్లో ఆడవాళ్లు భుజాలు కలిపి ఆడుతూ పాట ఎత్తుకున్నారు. ముందు కన్నమ్మత్త. ఆ వరస వినగానే గుర్తుపట్టాను. అక్క పాటే. చివర అక్క తీసే దీర్ఘం కూడా అలాగే తీస్తోంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అంతలో ఆడేవాళ్లంతా నాకు రాని తమ భాషలో ఏదో పాడి, నా వైపు తిరిగి పకపకా నవ్వారు.

"ఏమంటున్నారు అత్తమ్మా?"

అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నిన్నే. వచ్చిన సుట్టాల మీద పాట కట్టి ఆట పట్టిస్తరు ఈళ్లు. 'కోంటా కోడలు, సదువుల కోడలు, ఖాళీ కుండకు బొట్టు పెట్టె, నిండుకుండను కడిగి బోర్లించె' అంటున్నరు."

పాట ఆగాక కన్నమ్మత్త నా పక్కన కూర్చుని ఆకు దొన్నెలో జీలుగు కల్లు పోసింది.

"కోపం పోయిందా అత్తా?" అన్నాను భయంభయంగా.

"యాడికి పోతది? దాన్ని పాటల పెట్టిన. పాడినప్పుడల్లా మా అక్క యాదికొస్తది. ఆమె ఎనకనే నువ్వొస్తవ్."

ఆ పాట ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ పెళ్లికి వెళ్లినా నాకంటే ముందే వెళ్లి పందిట్లో కూర్చుంటోంది. నన్నెప్పుడూ చూడనివాళ్లు కూడా నా తెలివిని పాడుకుంటున్నారు. దాన్ని అత్తమ్మ ఫోన్లో రికార్డు చేసి నా చేతికిచ్చి, "ఇదన్నా పైలం," అంది. ఆ ఫోన్లో అలాగే ఉంచి, కంప్యూటర్లో దాచి, పుట్టింటికి కూడా ఒక నకలు పంపాను. తన పరువు పోయిన కథను ఇంత పదిలంగా కాపాడుకునే మనిషి ఇంకొకరు ఉండరు.

కాబట్టి సాటి కోడళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రెండు గూళ్ల యంత్రం జోలికి పోను. పోక తప్పకపోతే నిండుదేదో, ఖాళీదేదో అత్తమ్మ చేత పైకి చెప్పించుకుని, నేనూ పైకి చెప్పి, ఆ తర్వాతే నొక్కుతాను. ఈ మాట తప్పిన రోజున కన్నమ్మత్త రెండో చరణం కట్టుగాక!