రెండో ఎర్ర బెల్టు

నాన్న కుట్టుమిషను సొరుగు తెరిస్తే ఇప్పటికీ మిషను నూనె, సుద్దముక్క, పాత బాబిన్ల వాసన కలిసి వస్తుంది. మొన్న మిషనుని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని సొరుగు ఖాళీ చేస్తుంటే, అడుగున ఒక్కసారీ కట్టని ఎర్ర శాటిన్ బెల్టు చేతికి తగిలింది.

మా ఏలూరు కాన్వెంటులో నాలుగు హౌసులుండేవి. నాది సెయింట్ మార్టిన్ హౌసు. ఊరి వాకిట చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, గుర్రం మీదున్న మార్టిన్ అనే సైనికుడు తన ఎర్రటి దుప్పటిని కత్తితో కోసి సగం ఇచ్చాడని సిస్టర్‌గారు చెప్పేవారు. మా జెండా మీద ఒక కత్తి, సగం దుప్పటి. మా హౌసు విలువ పంచుకోవడం. ఆ జెండా కుట్టింది పవర్‌పేటలో దర్జీకొట్టున్న మా నాన్నే. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, టోపీ అయినా తియ్యకుండా కత్తి అంచుకి వెండిదారం వేస్తూ "మంచోడేనమ్మా మీ సెయింటు" అనేవారు. మిగిలిన ఎర్ర గుడ్డతో నాకు రెండు హౌసు బెల్టులు కుట్టిపెట్టారు.

కార్తీకంలో మార్టిన్‌గారి పండగ వచ్చేది. ముసురు పట్టి గ్రౌండంతా బురద, వరండాలో తడిసిన రిబ్బన్ల వాసన, సిస్టర్లు పంచబోయే బన్ను, అరటిపండు మీదే మా అందరి చూపు. బెల్టు లేకుండా వస్తే ఆ రోజు లైనులోంచి తీసేసేవారు. తొమ్మిదో క్లాసులో నా పక్కన కూర్చునే సువార్తది కొల్లేటి లంక. నాకన్నా బాగా చదివేది, నాకన్నా బాగా మాట్లాడేది. హౌస్ కెప్టెన్ పేరు ఆ పండగ రోజే చెబుతారు, అది మా ఇద్దరిలో ఒకరని అందరికీ తెలుసు. నాకది కావాలి, అన్నం సయించనంతగా కావాలి.

"ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయే, బెల్టు ఎటు పోయిందో కనపళ్ళేదు. నీ దగ్గర ఇంకోటుందా?" అంది సువార్త.

"లేదే" అన్నాను.

ఇంతలో సిస్టర్‌గారు ఉపన్యాసానికి నన్ను పిలిచారు. కంగారులో "నా సంచిలో కాగితం ఉంది, తెచ్చిపెట్టవా" అని ఆమెనే పంపాను. ఆ కాగితం నలగకూడదని రెండో బెల్టు మడతలో పెట్టుకున్నది నేనే. ఆ సంగతి ఆమె వెళ్ళాక గుర్తొచ్చింది. సువార్త తిరిగొచ్చి "ఇదిగో" అని కాగితం చేతిలో పెట్టింది, అంతే. వెళ్ళి లైను బయట, చూరు నీళ్ళు పడేచోట నిలబడింది. సగం దుప్పటి గురించి నేను బ్రహ్మాండంగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, కెప్టెన్ని చేశారు. అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. అయినా ఒప్పుకోకుండా, ఇంటికెళ్ళి ఆ రెండో బెల్టుని నాన్న మిషను సొరుగు అడుగున దాచేశాను. మరుసటేడు ఆమె తాడేపల్లిగూడెంలో మేనమామ ఇంటికి వెళ్ళిపోయిందన్నారు.

నాన్న లేరు. కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇప్పుడు హౌసులకి కుట్టిన జెండాలూ బెల్టులూ లేవు, అచ్చువేసిన టీషర్టులే. మా అమ్మాయిదీ అదే స్కూలు, అదే హౌసు. నేను సొరుగు సర్దుతుంటే పక్కన కూర్చుని పండగ ఉపన్యాసం బట్టీపడుతూ తలెత్తింది.

"అమ్మీ, ఆయనకి రెండు దుప్పట్లుంటే కత్తితో పనే ఉండేది కాదు కదా? ఒకటి ఇచ్చేసేవాడు."

"అవునమ్మా, ఇచ్చేసేవాడు" అన్నాను.

పాతసామాన్లవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మిషను ఇంకా ఇవ్వలేదు.