సాంచాలు ఆపి చప్పుడు కొలిచారు

నా మాట ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. బట్ట నేసే సాంచాల చప్పుడుకు మా ఇంటావిడ చెవులు పోతున్నాయని సిరిసిల్లలో ఏ అధికారికి చెప్పినా, "చప్పుడు హద్దులోనే ఉందని పరిశోధనలో తేలింది" అనేవారు. ఆ పరిశోధన నేను సాంచా నడిపే కార్ఖానాలోనే జరిగింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

విశ్వవిద్యాలయం సారు మీటరు పట్టుకుని కార్ఖానాలో అడుగు పెట్టగానే యజమాని, అదే మా ఆసామి, సాంచాలన్నీ ఆపించాడు. వచ్చినవాళ్లకు మేం చేసే మర్యాద అది. లేకపోతే మాట వినబడదు.

"సారచ్చిండు, బందు పెట్టుండ్రి. చాయ్ తెప్పియ్యుండ్రి."

సారు చాయ్ తాగి, మీటరు చూసి రాసుకున్నాడు.

"గిదేం కొలుచుడు సార్?" అన్నాను.

"నీకు చాయ్ రాలేదా ఏంది?" అని ఆసామి అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. ఆ పరిశోధనను బట్టే అధికారులు మాకు చెవుల పరీక్షలు అక్కర్లేదని నిర్ణయించారు.

పోయిన ఏడాది పీహెచ్‌డీ చేస్తున్న జగిత్యాల అమ్మాయి అదే కార్ఖానాకు వచ్చింది. ఆపమని ఆసామి మళ్లీ చెయ్యెత్తాడు.

"వద్దు మామా, నడువనియ్యుండ్రి," అని అతని చెవిలో అరిచింది.

"నడిస్తె నీతోని మాట్లాడుడెట్ల బిడ్డా?"

"మాటలకు రాలే. గీ చప్పుడు కోసమే అచ్చిన."

మీటరు పెట్టుకుని పొద్దంతా మా మధ్యే కూర్చుంది. సాయంత్రం ఆ చప్పుడునంతా ల్యాప్‌టాప్‌లో ఒక గీతగా చూపించింది. బతుకంతా అందులోనే గడిపిన నేను దాన్ని కళ్లతో చూడడం అదే మొదలు. మధ్యాహ్నం కరెంటు పోయిన కాసేపు కూడా అందులో పల్లంగా కనిపించింది.

ఆ గీత అధికారుల మీటింగుకు చేరింది. నేను వెనక నిలబడ్డాను. ఎన్నడూ నా ముఖం చూడని పెద్ద అధికారి ఆ గీత ఉన్న పేజీ దగ్గర ఆగి, మళ్లీ చదివి, "మొదటిసారి కొలిచినప్పుడు సాంచాలు నడుస్తున్నాయా?" అని అడిగాడు. అక్కడికక్కడే సాంచాలు నడిపేవారందరికీ చెవుల పరీక్షలు చేసి, వినికిడి మిషన్లు ఇవ్వాలని నిర్ణయమైంది. ఇన్నేళ్ల నా అరుపులకు కదలనివాళ్లను ఒక గీత కదిపింది. కోపం పోలేదు గానీ ఒళ్లు జలదరించింది.

అయితే మా ఇంటావిడ సాంచా నడపదు. సాంచాల పక్కనే కూర్చుని కండెలకు దారం చుడుతుంది. చెవుల పరీక్షలకు పెట్టిన క్యాంపులో ఆమెను వెనక్కి పంపారు.

"కండెలు చుట్టేటోళ్ల మీద పరిశోధన కాలేదు కాకా," అన్నారు.

కోరుట్ల నుంచి బిడ్డ ఫోన్ చేస్తే ఆమె ఫోను నా చేతికిచ్చి, నా పెదవులు చూసి మాట తెలుసుకుంటోంది. ఆ గీత తీసిన రోజు ఆమె ఆ అమ్మాయికి మూరెడు దూరంలో ఉంది. అదే చప్పుడు ఆమె చెవుల్లో పడలేదని తేల్చింది ఎవరు? ఈసారైనా ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాలి.