ఇత్తడికి కావలసిన గాలి

ఇందులో ప్రతి మాటా నిజం. ఒట్టు వేసి మరీ చెబుతున్నాను. దేని మీద వేయాలన్నదే కాస్త ఇబ్బంది. నా మీద నేను వేసుకుంటే మా చుట్టుపక్కల ఎవరూ లెక్కచేయరు. తన తల మీద ఒట్టు వేయడం మా ఇంటావిడ మాన్పించి చాలా ఏళ్లయింది. కొండదేవత మీద వేసి వేసి, ఆ తల్లికి నా గొంతు వింటేనే విసుగు పుట్టి ఉంటుంది. అందుకని నా ఎడమచేతి బొటనవేలి మీద వేస్తున్నాను. దాని మీద ఒక కాలిన మచ్చ ఉంది. ఘాటురోడ్డులో ఎదురైన చిరుతపులిని బీడీ నిప్పుతో బెదిరిస్తుంటే కాలిందని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. ఇప్పుడు చెప్పబోయే రోజున కాలింది.

అరకు రోడ్డులో అనంతగిరి దాటాక నాకో రేకుల షెడ్డు ఉంది. కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాను, కాఫీపళ్ల తొక్క తీసే మిషన్లు బాగుచేస్తాను. మాది పార్వతీపురం దిగువన పల్లెటూరు. పెళ్లయిన కొత్తలో కొండెక్కాం, ఇక్కడే ఉండిపోయాం. మోటారు తెచ్చినవాళ్లు అది తిరిగేదాకా కూర్చోవాలి గనక, వాళ్లకు కథలు చెబుతాను. అన్నింట్లోకీ గిరాకీ ఉన్న కథ, నేను కుర్రతనంలో విశాఖపట్నంలో ఒక ఫౌండ్రీలో, కరిగిన ఇనుము ముందు నిలబడి పనిచేశానన్నది. నిలబడ్డమాట వాస్తవమే. చేతిలో టీ కెటిలు ఉండేదన్న ముక్క మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

ఆ కథను జనం ఎంత ఇష్టపడ్డారంటే, కొన్నాళ్లకు నాకే దాని మీద నమ్మకం కుదిరి, షెడ్డు వెనక ఒక కొలిమి కట్టాను. పాత ఇనుప డ్రమ్ము కోసి, లోపల బంకమట్టీ ఊకబూడిదా కలిపి మందంగా మెత్తాను. బర్నరంటే ఒక ఇనుపగొట్టమే. వాడి పారేసిన ఇంజనాయిలు అందులో సన్నధారగా పడాలి, వెనకనుంచి గాలి దాన్ని తుంపరగా చిమ్ముకుంటూ లోపలికి తోయాలి. నూనెకు కొదవలేదు, నా షెడ్డులో కాలు పెడితే అదే. గాలితోనే వచ్చింది చిక్కు. టేబులు ఫ్యాను ముందు రేకు గరాటా పెట్టి చూశాను. గొట్టంలోకి పోవలసిన గాలి వెనక్కి తిరిగి నా లుంగీలోకి వచ్చింది. చివరికి పార్వతీపురంలో పాత సామాన్ల కొట్లో ఒక చిన్న బ్లోయరు దొరికింది. మోటార్లలో దుమ్ము ఊదడానికి వాడేది, ఆనపకాయ పిందంత ఉంటుంది. దాని మూతి మీద అరచెయ్యి పెడితే చెయ్యిని నెట్టేస్తుంది తప్ప తను వెనక్కి తగ్గదు.

దాన్ని తగిలించిన రోజు మా ఇంటావిడ చిల్లుపడ్డ సత్తుగిన్నె ఒకటి మూసలో, అంటే లోహం కరిగించే మట్టిపాత్రలో, పడేశాను. టీ తాగి వచ్చేసరికి గిన్నె లేదు, మూసలో సత్తు వెండిలా మెరుస్తూ కదులుతోంది. ఎవరూ చూడలేదు, మా ఆవిడ తప్ప. ఆమె కాసేపు చూసి, బ్లోయరు చల్లారాక గుడ్డసంచీలో పెట్టి, మూతికి పాతచీర పీలికతో గట్టిగా ముడివేసింది. ఇది పని చేసినాది, దీన్ని పారీకండి అంది. మా ఇంట్లో అదే పెద్ద మెప్పు.

ఈ కబురు విని అప్ప వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటాం. సొంత అప్ప కాదు. మేం కొండెక్కిన కొత్తలో, పొయ్యి లేని రోజుల్లో, మాకు చోళ్ల అంబలి పోసిన మనిషి. ఇక్కడి కొండజాతి మనిషి, మా షెడ్డుకు పైన ఉన్న పల్లెలో ఉంటుంది. ఆమె ఆవులు కాఫీతోటలు దాటి అడవిలోకి మేతకు పోతాయి. సాయంత్రం మంచు దిగిందంటే చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ముందు నడిచే ఆవు మెడలో గంట చప్పుడు పట్టుకుని వెళ్లి మందను తోలుకు రావాలి. ఆ గంట పగిలింది. సంతలో దొరికే రేకుగంట వద్దంది. అన్ని ఆవులదీ ఒకటే మోత అయితే ఎవరి ఆవు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

పగిలిన గంట ముందు పెట్టింది. ఇత్తడి చాలదేమోనని తువ్వాలులోంచి ఇంకో మూట తీసింది. కాళ్ల కడియాలు, మెలితిప్పిన చుట్టుతో లావుగా ఉన్నవి. చిన్నప్పుడు వాళ్ల అమ్మ తొడిగినవి. ఆముదం రాసి లాగి తీసినట్టుంది, చీలమండల దగ్గర చర్మం గీసుకుపోయింది. అవి ఉన్నచోట మాత్రం పసిపిల్ల కాలులా లేతగా, తెల్లగా ఉంది. నేను ఆ కాళ్లకేసి చూడలేకపోయాను.

"ఇవెందుకప్పా" అన్నాను.

"నా కాళ్లు ముసిలయిపోనాయి తమ్ముడూ, ఇంకేటి నడుత్తాయి. ఆవుకి కడితే అడవంతా తిరుగుతాయి గదా. మా అమ్మ ఇనపడతాది."

ఆ మాటకు నేను చేయవలసిందల్లా, కొలిమి వెలిగించి, సంచీ విప్పి, పని మొదలుపెట్టడం. షెడ్డు వెనకే చేసుంటే సాయంత్రానికి గంట అయిపోయేది. కానీ చూసేవాడు లేకుండా ఇత్తడి కరిగించడం నాకు బొత్తిగా రుచించలేదు. మీ పల్లెలోనే, కళ్లంలో, అందరి ముందూ పోస్తానప్పా అన్నాను. ఆమె అడగలేదు. నన్నెవరూ అడగలేదు.

అన్నరోజున డ్రమ్మునూ నూనెడబ్బానూ బ్లోయరు సంచీనీ జీపెక్కించి పైకి తీసుకెళ్లాను. సామలు నూర్చడం అయిపోయింది, కళ్లం పేడతో అలికి శుభ్రంగా ఉంది. పల్లె పల్లెంతా వచ్చి కూర్చుంది, కుర్రకారు సెల్లులు పైకెత్తారు. అక్కడ అప్ప మరిది ఉన్నాడు. అప్ప వరసన నాకు బావ. గింజలు ఎగరబోసే పెద్ద ఫ్యాను ఆ ఏడే కొన్నాడు. బండిచక్రమంత రెక్కలు. ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. గాలి వచ్చే యంత్రం ఏది కొత్తగా వచ్చినా, ఇంట్లో తిరిగే ఫ్యానయినా సరే, కళ్లంలో పెట్టి దాని ముందు చేటెడు సామపొట్టు పోస్తారు. పొట్టు ఎంత దూరం ఎగిరితే దాని గాలి అంత గొప్పది. తీర్పు చెప్పేది బావే.

నేను సంచీ మీద చెయ్యి వేసేలోపే అతను తన ఫ్యాను తిప్పాడు. పొట్టు లేచి, కళ్లం దాటి, కంచె దాటి, అవతల పడుకున్న మేకల మీద పడింది. మేకలు తుమ్మాయి. జనం పడీపడీ నవ్వారు. బావ నడుం మీద చెయ్యి వేసుకుని నా సంచీకేసి చూశాడు.

"ఆ సంచీలో ఏటున్నాది బావా? ఇంతకన్నా పెద్ద గాలేటి?"

సంచీ చూస్తే ఆనపకాయ పిందంత. ఫౌండ్రీలో ఇనుము కరిగించినవాణ్ణి. ఇన్ని సెల్లుల ముందు ఆ పిందెను బయటికి తీస్తే, పొట్టు బెత్తెడు దూరం కూడా పోకపోతే, ఆ తర్వాత నా కథలు ఎవడు వింటాడు? చేతిని సంచీ మీదనుంచి మెల్లగా తీసేశాను.

"మధ్యాన్నం కూడు" అన్నాను.

అంతే. ఆ మాటతో బ్లోయరు సంచీలోనే ఉండిపోయింది. బావ ఫ్యానుకే రేకు గరాటా పెట్టి, గోనెగుడ్డతో బిగించి, బర్నరు గొట్టానికి కలిపాం. జరగబోయేదేమిటో నాకు తెలుసు. టేబులు ఫ్యాను ఒకసారి చెప్పే ఉంది. పొట్టును విసిరే గాలికి ఎదుట ఖాళీ ఉండాలి. సన్నగొట్టంలో దూరి మంటను నెట్టుకుపోవాలంటే దానికి చేతకాదు. ఈ మాట ఆ కళ్లంలో నాకొక్కడికే తెలుసు, నేనొక్కణ్ణే నోరు మూసుకున్నాను.

నూనె అంటుకుంది. గోనెగుడ్డ బెలూనులా ఉబ్బి, గాలంతా వెనక్కి నా మొహాన కొట్టింది. డ్రమ్ములోంచి ఎర్రటి సోమరిమంట, దాని వెనక కాటుకలాంటి పొగ. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఇత్తడికి వేడి నిదానంగా ఎక్కాలి, ఫౌండ్రీలో మేం పొద్దంతా కాచేవాళ్లం అని గంభీరంగా చెప్పాను. ఇంకాసేపటికి ఇదే మాట ఇంకోలా చెప్పాను. ఇనుము ఇన్న నీ మాట ఇత్తడి ఇనదేటి బావా అన్నాడు బావ. ఆ నవ్వులో నేనూ కలిశాను.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అందరూ లేచి అంబలి తాగి వచ్చారు. అప్ప మాత్రం మూస పక్కనుంచి కదల్లేదు. నన్ను చూసి, నీ కూడు సంచీలో ఉన్నాది గదా తమ్ముడూ, తినెయ్ అంది. ఆకలి లేదన్నాను. కొంతసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. పొద్దుటినుంచీ ఎండలో, పొగలో నిలబడి కడుపు మాడిపోతోంది. తిందామంటే సంచీలో ఉన్నది ఇనుము. ఇంతలో వెనక ఎవరికో అప్ప గొంతు తగ్గించి చెబుతుంటే విన్నాను: గంట అయ్యేదాకా ఉపాసమున్నాడు, పని మీద అంత నిష్ఠ. నలుగురూ నాకేసి తలలూపారు. ఆ గౌరవం కన్నా పొగే నయమనిపించింది, అందుకని పొగలోకే జరిగి నిలబడ్డాను.

ఇక ఆగలేకపోయాను. అందరూ చూస్తుండగా సంచీ తెచ్చి ముడి విప్పాను. అప్పా, ఇది కూడు కాదు, అసలు గాలి ఇదే, నవ్వుతారని దాచాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెద్దఫ్యాను పీకి చిన్నది తగిలించగానే మంట తెల్లబడి హోరుమంది. ఇత్తడి తేనెలా జారింది, అచ్చులోకి పోశాను. చల్లారాక తీసి, బావే కర్రతో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ మోత లోయ దాటి రైలు సొరంగం దాకా పోయింది. ఎవరో పిలుస్తున్నారనుకుని రైలు డ్రైవరు హారను కొట్టి బదులిచ్చాడు. ఆ సాయంత్రం మంచులోంచి ఆవు దిగివస్తుంటే, అదిగో మా అమ్మ అని అప్ప పరుగెత్తింది. వీడియో తీసిన సెల్లులన్నీ సరిగ్గా అప్పుడే చార్జింగు అయిపోవడం మీ దురదృష్టం.

షెడ్డులో ఈ కథ చెప్పినప్పుడు ఇక్కడితో ఆపుతాను. వాళ్లు లేచి, మోటారు ఎత్తుకుని, సంతోషంగా పోతారు. ఇక్కడ మాత్రం బొటనవేలి మీద ఒట్టు వేశాను. ముడి విప్పానన్న దగ్గరినుంచి సెల్లుల చార్జింగు దాకా నేను కల్పించింది. మిగిలినదంతా జరిగింది.

జరిగింది ఇదీ. నేను సంచీ ముట్టుకోలేదు. నూనె అయిపోయేదాకా పెద్దఫ్యాను తిరుగుతూనే ఉంది. మంట ఆరిపోయాక మూస వంచి చూస్తే, గంటముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని నల్లటి ముద్దయ్యాయి. కడియాల్లో ఒకటి సగం అందులో కూరుకుపోయింది. మిగతా సగం పైకి తేలి ఉంది, మెలి చెక్కు చెదరలేదు. దాన్ని లాగబోయి వేలు కాల్చుకున్నాను. కుర్రాళ్లు సెల్లులు దించేశారు. బావ గోనెగుడ్డ విప్పి తన ఫ్యాను వెనక్కి లాక్కున్నాడు. అతను ఒక్క ఎగతాళి మాట అనుంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ముద్ద చల్లారేదాకా కూర్చుని, దాన్ని తువ్వాలులో మూట కట్టుకుంది అప్ప. లేస్తూ అంది.

"పొద్దుటినుంచీ ఏటీ తిన్లేదు తమ్ముడూ నువ్వు. ఇప్పుడైనా తిను, నాను నీళ్లు తెత్తాను."

ఇంటికెళ్లి తింటానన్నాను. సంచీ చంకలో పెట్టుకుని, జీపు కోసం కూడా ఆగకుండా, అడ్డదారిన కొండ దిగాను.

ఇంటి దగ్గర మా ఆవిడ సంచీ అందుకుంది. గంట బాగా వొచ్చినాదా అని అడగబోయి, ముడి చూసి ఆగింది. ఆ పీలికను వేళ్లతో అటూ ఇటూ తిప్పింది.

"నాను ఏసిన ముడి ఏసినట్టే ఉన్నాది" అంది. అన్నం పెట్టింది.

మర్నాడు వెళ్లి మళ్లీ కరిగించొచ్చు గదా అని మీరనుకోవచ్చు. ఇత్తడి ఎక్కడికీ పోలేదు, బ్లోయరూ బాగానే ఉంది. కానీ అప్ప ముందు ఆ సంచీ విప్పాలి. ఉపాసమున్నాడని నలుగురికీ చెప్పిన మనిషి ముందు. వచ్చే వారం వెళ్దామనుకున్నాను, వాన వచ్చింది. తర్వాత కాఫీపళ్ల పని వచ్చింది. నాకు సాకులు అల్లడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు అప్ప వాకిట్లో కాఫీగింజలు ఆరబోసిన టార్పాలిను ఉంది. గాలికి లేవకుండా మూలల్లో రాళ్లు పెట్టింది, ఒక మూలన ఆ ముద్ద. పైకి తేలిన సగం కడియం ఎండకు మెరుస్తుంటే రోడ్డు మీదికి కనపడుతుంది. అందుకే సంతకు నేను కిందదారిన పోతున్నాను.

సంచీ షెడ్డులో మేకుకు వేలాడుతోంది, ముడితో సహా. సాయంత్రం మంచు దిగే వేళకు పని ఆపి కూర్చుంటే పైనుంచి అప్ప కేక వినపడుతుంది. ఆవును పేరు పెట్టి పిలుస్తుంది, ఆగి వింటుంది, ఇంకాస్త లోపలికి నడిచి మళ్లీ పిలుస్తుంది. ఆ వేళకు షెడ్డులో ఎవరైనా ఉంటే, ఆ ముసలామె అలా అరుస్తుందేమిటని అడుగుతారు. ఎంత కథయినా అల్లగలవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం మోటారు స్విచ్చి వేసి, ఆ మోతలో వినపడనట్టు ఊరుకుంటాను.