నాకు రెండుసార్లు ఇరవయ్యారు నిండిన ఏడాది

ఇరవయ్యారు నిండకముందు రోజుల్లో జబ్బు పడటం ఎంత సుఖంగా ఉండేదో! దగ్గొస్తే డాక్టరు, కన్ను మసకేస్తే డాక్టరు, ఏమీ రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఇంకో డాక్టరు. అమెరికాలో పిల్లలు ఇరవయ్యారేళ్ళు నిండేదాకా అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు. నిండిన నెలాఖరుకి మాత్రం టికెట్టు లేనివాణ్ణి బస్సులోంచి దింపినట్టు దింపేస్తారు. ఈ దేశంలో పద్దెనిమిదికి ఓటొస్తుంది, ఇరవయ్యొకటికి బీరొస్తుంది, ఇరవయ్యారుకి బుద్ధొస్తుంది. నాకు ఆ మూడోది రావాల్సిన ఏడాది జరిగిన సంగతి ఇది.

ఆ మే నెలలో మా ఊరు క్యారీలో తెలుగువాళ్ళ త్రోబాల్ పోటీలో నేనొకవైపు, నా కుడి మోకాలు ఇంకోవైపు తిరిగాం. లిగమెంట్ తెగింది, ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. నేనప్పుడు ఒక మ్యూజియంలో కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్నాను. వాళ్ళు జీతమిచ్చేవాళ్ళు, బొమ్మలేసిన మగ్గులిచ్చేవాళ్ళు, ఇన్సూరెన్స్ మాత్రం ఇచ్చేవాళ్ళు కారు. కాబట్టి నాన్న ఇన్సూరెన్స్ ఉండగానే కాలు బాగవ్వాలి, లేకపోతే ఆ కుంటినడకే గతి. ఇంత స్పష్టమైన విషయంలోకి అమ్మ పంచాంగం పట్టుకొచ్చింది. "ఇప్పుడు జ్యేష్ఠం. నువ్వు తొలిచూలు పిల్లవి, ఈ నెలలో కుదరదు. ఆ తర్వాత ఆషాఢం, అసలే కుదరదు. శ్రావణంలో పెట్టుకుందాం. ఆగస్టు నెలాఖరు దాకా ఇన్సూరెన్స్ ఉందిగా!" అంది. "ఆపరేషనుకి కూడా ముహూర్తమేంటమ్మా?" అన్నాను. "కత్తి పట్టేది డాక్టరే. ముహూర్తం పెట్టేది మాత్రం నేను" అనేసి, జూలై చివర్లో డేట్ బుక్ చేయించింది.

జూన్ సగంలో నాన్న ఆఫీసు నుంచి మెయిలొచ్చింది, మీ అమ్మాయి కవరేజ్ ఈ నెలాఖరుతో సరి అని. అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నాన్నకి వెంటనే అర్థమై గరాజ్‌లోకి జారుకున్నాడు. అసలు సంగతేమిటంటే, నేను పుట్టింది ఆగస్టులో, శ్రావణ పౌర్ణమినాడు. గుంటూరులో నన్ను ఒకటో తరగతిలో వేయడానికి తీసుకెళితే, జూన్‌కి ఐదేళ్ళు నిండలేదు కనక మరుసటి ఏడాది తీసుకురమ్మన్నారట. నాన్న ఆగే మనిషి కాదు. అక్కడికక్కడే నన్ను జూన్ ఒకటిన మళ్ళీ పుట్టించాడు. ఆ తేదీయే పాస్‌పోర్టుకెక్కి, మాతోపాటు విమానమెక్కి, చివరికి అమెరికా పౌరసత్వం కూడా పుచ్చుకుంది. ఇంట్లో పాయసం మాత్రం ఎప్పుడూ ఆగస్టులోనే. (మరి నీకు గుర్తులేదా అంటారేమో. మా ఇంట్లో నా వయసు అమ్మ శాఖ. అందులో నేను వేలు పెట్టను.)

"ఒక ఏడాది కలిసొస్తుందనుకున్నానే!" అన్నాడు నాన్న గరాజ్ గుమ్మంలోంచి. "వచ్చిందిగా, పిల్ల మోకాలికి!" అని, అమ్మ నేరుగా ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ కొట్టింది. కాల్ రికార్డవుతుందని అవతల గొంతు చెబుతూనే ఉంది, అమ్మ వినిపించుకుంటేనా! "మేడమ్, జూన్ ఫస్ట్ ఈజ్ ఓన్లీ ఫర్ స్కూల్. యాక్చువల్లీ షి వాజ్ బార్న్ ఇన్ ఆగస్ట్. ఐ నో. ఐ వాజ్ దేర్." అవతలి అమ్మాయి రుజువేమైనా ఉందా అని అడిగినట్టుంది. "ఫుల్ మూన్, మేడమ్! యు ప్లీజ్ చెక్!"

నాన్న పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. "నీకు పుణ్యముంటుంది, ఆపవే! సిటిజన్‌షిప్ దాకా అన్నిట్లోనూ ఆ డేటే ఉంది. ముగ్గుర్నీ కలిపి ఇండియా ఫ్లైట్ ఎక్కిస్తారు!"

"ఎక్కించనివ్వండి! నా పిల్ల ఎప్పుడు పుట్టిందో వాళ్ళు నాకు చెప్తారా? నొప్పులు పడింది మీరా, నేనా?" అని అమ్మ గొంతు పెంచింది. నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ గరాజ్ దారి పట్టాడు.

ఆ తర్వాత రోజూ ఆస్పత్రికి ఫోన్లు, రోజూ ఖాళీ లేదనే జవాబు. రాత్రిళ్ళు మోకాలి మీద ఐసు పెట్టుకుని, ఇక జన్మంతా మెట్లు ఒక్కొక్కటే దిగాలి కాబోలని నేను నిజంగానే బెంగపడ్డాను. జూన్ చివరి వారంలో ఎవరో మానుకున్నారు, వస్తారా అని కబురొచ్చింది. అమ్మ పంచాంగం తీసి చూసింది. ఆ రోజు సాక్షాత్తూ అమావాస్య, పైగా వాళ్ళిచ్చిన టైము రాహుకాలం. అమ్మ పంచాంగం మూసేసి, "ఆ మానుకున్నది మనవాళ్ళే అయ్యుంటారు, పిచ్చిమాలోకాలు! వస్తామని చెప్పు" అంది.

ఆస్పత్రిలో బీపీ చూసే ఆవిడ, సూది గుచ్చే అతను, కాలి మీద గుర్తు పెట్టే డాక్టరు, వచ్చిన ప్రతివాళ్ళూ పేరు, పుట్టినరోజు అడిగారు. నేను "జూన్ ఒకటి" అన్నప్పుడల్లా అమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది. చివర్లో మత్తు ఎక్కి నా నాలుక మడతపడుతుంటే, నర్సు అమ్మవైపు తిరిగి "మీ అమ్మాయి ఎప్పుడు పుట్టింది?" అని అడిగింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, తడుముకోకుండా "జూన్ ఫస్ట్" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదంతా మత్తుమందు మహిమే అనుకున్నాను. పాపం, ఆ పిల్లకి అప్పుడే బుద్ధెలా వస్తుంది, ఎంతైనా అప్పటికి ఇరవయ్యారు కాగితాల మీదే కదా నిండింది!