చెప్పుల స్టాండు అత్త

ఆ పుణ్యక్షేత్రంలో భక్తుల కష్టాలు దేవుడికన్నా ముందు చెప్పుల స్టాండు అత్తకే తెలుస్తాయి. సరే, దేవుడికన్నా కాదులెండి, పూజారికన్నా. జతలు సర్దుతూ, మడమ అరిగిన తీరు చూసి మనిషిని అంచనా కడుతుంది. ఓసారి ఒకతను చెప్పులు వదిలి, టోకెను వద్దని నది వైపు నడిచాడు. తిరిగొచ్చేవాడెవడూ టోకెను వద్దనడు. "ఇదిగో అల్లుడూ, టీ తాగొస్తా, కాస్త చూస్తుండు" అని అత్త అతన్ని చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చి తన బల్ల మీద కూర్చోబెట్టి పోయింది. టీకొట్టు చాటునుంచి కనిపెడుతూ, పొద్దుగూకేదాకా తిరిగిరాలేదు. జనం "అన్నా, నా జత" అంటూ మీదపడుతుంటే, పాపం అతనికి చావడానికి కూడా తీరిక దొరకలేదు. చివరికి అత్తని తిట్టుకుంటూ తన చెప్పులు తొడుక్కుని ఇంటికెళ్లే బస్సెక్కాడు.

ఈ సంగతి అడిగితే అత్త విసుక్కుంది. "ఎవరయ్యా నీకీ కోతలు కోసింది? నేను ఏనాడైనా స్టాండు వదిలి కదిలానా?"