కళ్లంలోంచి చెట్టెక్కిన కాయలు

బతికాను! ఇవాళ మా సత్తెనపల్లి సినిమా హాల్లో, మ్యాట్నీకి ముందు నా బొమ్మల ఫిల్మ్ వేశారు. హాలువాళ్లు పారేసిన నల్ల ఫిల్మ్ మీద పిన్నీసుతో ఒక్కో ఫ్రేమూ గీకి, కాయలకు ఎర్ర సిరా పూసి చేసిన అరనిమిషం ముచ్చట అది. చెట్టు మీది మిరపకాయలు ఎగిరి వచ్చి కళ్లంలో పరుచుకోవాలి.

"జనం గోల చేస్తే మధ్యలోనే ఆపేస్తానండీ, డ్రాయింగ్ మాస్టారూ" అని ఆపరేటర్ ముందే చెప్పాడు.

చీకట్లో నా గీతలు వణుకుతూ మెరిశాయి. తీరా చూస్తే, కాయలు కళ్లంలోంచి లేచి చెట్టుకు అతుక్కుంటున్నాయి! బుద్ధిలేక ఫిల్మ్ ముక్కను కింది నుంచి పైకి గీసుకుంటూ పోయాను మరి, ఆఖరి బొమ్మే ముందు పడింది. అంతలో నేల క్లాసులోంచి ఒక రైతు అరిచాడు:

"ఒరేయ్, మిర్చి యార్డులో రేటు విని కాయలు మళ్లీ చెట్టెక్కేస్తన్నాయిరా!"

ఇక హాలంతా నవ్వులు, ఈలలు. సరిచేసి ఇస్తానంటే ఆపరేటర్ ఒప్పుకోలేదు. "వద్దు మాస్టారూ, కళ్లంలో పడ్డ కాయల్ని మేం రోజూ చూస్తానే ఉన్నాంగా" అన్నాడు.

ఇప్పుడు పత్తి మీద పడ్డాను. విచ్చుకున్న పత్తి మళ్లీ కాయలోకి దూరిపోతే ఎలా ఉంటుందంటారు?